అయిదేళ్లు ప్రెడ్నిసొలోన్ వాడాక

ముందే చెప్పేస్తున్నా: ఈ స్టెరాయిడ్ మందు నన్ను మంచం మీంచి లేపింది. అదే జబ్బు అంత తీవ్రంగా మళ్లీ వస్తే మళ్లీ వేసుకుంటాను. కానీ నోరారా మెచ్చుకోమంటే మాత్రం నా వల్ల కాదు.

నాకు లూపస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి ఒంటి మీదకే తిరగబడే జబ్బు. ఇది వచ్చే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లే. బయటపడేనాటికి వేళ్లు మడతపడేవి కావు, జడ వేసుకోలేకపోయేదాన్ని. నీళ్ల సీసా మూత తీయాలన్నా చెల్లెల్ని పిలవాల్సిందే. ఇలాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టు రోజుకి 40 ఎంజీ ప్రెడ్నిసొలోన్, దాంతోపాటు లూపస్‌కే వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మరో మందు రాశారు. నాలుగో రోజు పొద్దున నా జడ నేనే వేసుకున్నాను. వంకరగా వచ్చింది, అయినా విప్పలేదు.

కీళ్లవాతానికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ని మొదటిసారి ఇచ్చింది కూడా ఒక స్త్రీకే. 1948లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో. కదలలేక పడున్న మనిషి కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఫిలిప్ హెంచ్‌కి, మరో ఇద్దరికి నోబెల్ వచ్చింది. ఉబ్బే మొహం, మారే మనసు, మానేస్తే వచ్చే ముప్పు అన్నీ డాక్టర్లకి ఆ తొలి రోజుల నుంచీ తెలిసినవే. అంత పాత సంగతులు నాకెందుకు ఒక్కొక్కటీ అనుభవించాకే తెలియాలి? మొదటిరోజు నాకు చెప్పిందల్లా, ‘కాస్త ఆకలి పెరుగుతుంది, మొహం కొంచెం ఉబ్బుతుంది, కంగారుపడకండి’ అని ఒక్క ముక్క.

మొదట పోయింది నిద్ర. రాత్రి రెండున్నరకి ఠక్కున మెలకువ వచ్చేది, ఒంట్లో కరెంటు పారుతున్నట్టు. అలమరలో బట్టలన్నీ కిందేసి మళ్లీ మడతపెట్టిన రాత్రులున్నాయి. నేను తెలీక పొద్దున సగం, రాత్రి సగం వేసుకుంటున్నాను. రెండో నెలలో ఒక నర్సు చీటీ చూసి, మొత్తం డోసు పొద్దున్నే, ఏదైనా తిన్నాక ఒకేసారి వేసుకోమంది. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ కూడా తెల్లవారేసరికి పెరిగి, రాత్రికి తగ్గుతుంది. మాత్ర ఆ వేళకి కుదరాలి. అలా మార్చాక నాలుగింటి దాకా అయినా పడుకోగలిగాను. (నీళ్లు చేతిలో పట్టుకున్నాకే మాత్ర నోట్లో వేసుకోండి. నాలుక మీద కరిగిందంటే ఆ చేదు గంటసేపు వదలదు.)

తర్వాత మొహం. ఆరో వారంలో కళ్లజోడు కాడలు కణతల్లోకి దిగి ఎర్రటి గీతలు పడ్డాయి. జోడు బిగుసుకుందనుకుని షాపుకెళ్లి వదులు చేయించుకొచ్చాను! రోజూ అద్దంలో చూసుకునే మనిషికి తన మొహం మారడం తెలీదు. ఓ ఫొటోలో చూసుకుని ఇదెవరా అనుకున్నాను. దీన్ని మూన్ ఫేస్ అంటారు. ఇంత అన్యాయమైన పనికి అంత అందమైన పేరు పెట్టిందెవరో. బరువు 54 నుంచి 67 కిలోలకి వెళ్లింది. మెడ వెనక చిన్న మూపురం. తల మీద జుట్టు రాలేది, చెంపల మీద నూగు మొలిచేది. వరసకి పిన్ని అయ్యే ఒకావిడ ‘పెళ్లయ్యాక ఒళ్లు చేశావే!’ అని మురిసిపోయింది. అప్పటికి నాకు పెళ్లయి తొమ్మిదేళ్లు.

కోపం సంగతి మా ఆయన్ని అడగాలి. గ్లాసు కిందపడి పగిలిందని గంట ఏడ్చాను, ఆ గాజుముక్కలు ఆయన ఎత్తుతుంటే ఎందుకు ఎత్తుతున్నావని అరిచాను. అది నా స్వభావం కాదనీ, మందు చేయిస్తున్న పని అనీ తెలిసి ఉంటే ఇంట్లో అందరం కొంచెం తక్కువ బాధపడేవాళ్లం.

కంటికి కనపడనివి ఇంకా ఉన్నాయి. తొడల్లో బలం పోయి, నేల మీద కూర్చుంటే చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోయేదాన్ని. నెలసరి రెండు నెలలు రాలేదు, వచ్చాక ఆగలేదు. షుగర్ విషయంలో ఒక మెలిక ఉంది: పొద్దున్నే మాత్ర వేసుకునేవాళ్లకి పరగడుపు షుగర్ మామూలుగానే ఉండి, మధ్యాహ్నం నుంచి పెరగొచ్చు. నాకు పరగడుపున 92, భోజనం తర్వాత 198. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుని నిశ్చింతగా ఉండకండి. ఎముకలు సన్నబడటం కూడా మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ. నాకు కాల్షియం, విటమిన్ డి ఏడాది తర్వాత గానీ రాయలేదు. అప్పుడు ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీస్తే టీ స్కోరు మైనస్ 1.8, అంటే ఎముకలు అప్పటికే కొంత పలచబడ్డాయి. కళ్లకి ఏడాదికోసారి శుక్లాలు, కంటి ఒత్తిడి చూపించుకుంటున్నాను, ఇంతవరకు ఫర్వాలేదు.

ఇక నేను చేసిన తప్పు. ఎనిమిదో నెలకి డోసు 7.5కి దిగింది. నొప్పుల్లేవు, మొహం మాత్రం అలాగే ఉంది. ఓ శుభకార్యానికి వెళ్లాల్సి ఉంది. ఆ మొహంతో వెళ్లలేక, ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాను. రెండు రోజులు హాయిగానే ఉంది. మూడో రోజు ఒళ్లు హూనం. ఏదో జ్వరం పట్టుకుందనుకున్నాను. నాలుగో రోజు వాంతులు, లేచి నిలబడితే కళ్ల ముందు చీకట్లు. బాత్రూం గుమ్మంలో కూలబడిపోయాను. ఆసుపత్రిలో బీపీ 80కి పడిపోయింది. సెలైన్ పెడుతున్న డ్యూటీ డాక్టరమ్మ నా మొహంకేసి, చేతుల మీది కమిలిన మచ్చలకేసి చూసి ‘స్టెరాయిడ్ ఎప్పుడు ఆపారమ్మా?’ అని అడిగింది. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడిన కొన్ని గంటల్లోనే మనిషినయ్యాను.

కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు రోజూ చేసే కార్టిసాల్ సుమారు 5 ఎంజీ ప్రెడ్నిసొలోన్‌కి సమానం. మూడు, నాలుగు వారాలు దాటి బయటి నుంచి అంతకంటే ఎక్కువ పోస్తుంటే, ఇక మనతో పనిలేదని అవి పడుకుంటాయి. మందు ఉన్నట్టుండి ఆపితే వెంటనే లేవవు. ఇదంతా ఆవిడ మంచం పక్కన నిలబడి అయిదు నిమిషాల్లో చెప్పింది. ఆ అయిదు నిమిషాలు ఎనిమిది నెలల ముందు ఎవరైనా ఇచ్చి ఉంటే!

మూడో ఏడు జబ్బు మళ్లీ రేగి 20కి ఎక్కాను, మళ్లీ దిగాను. ఆ మధ్యలో రక్తస్రావం ఆగకపోతే గైనకాలజిస్టు నోరెథిస్టెరోన్ అనే హార్మోన్ మాత్ర 5 ఎంజీ, రోజుకి మూడు, పది రోజులకి రాశారు. లూపస్‌లో కొందరికి రక్తం గడ్డకట్టించే యాంటీబాడీలు ఉంటాయి, వాళ్లకి హార్మోన్ మాత్రలు, ముఖ్యంగా ఈస్ట్రోజన్ ఉన్నవి ప్రమాదం. అందుకని ముందు ఆ పరీక్ష చేయించారు, నాకు లేవు. రక్తం ఆగింది. రొమ్ముల నొప్పి, కడుపుబ్బరం, కారణం లేని దిగులు వచ్చాయి. మానేసిన మూడో రోజు నెలసరి వచ్చేసి అన్నీ సర్దుకున్నాయి. ప్రెడ్నిసొలోన్ పెట్టిన బాధల ముందు ఇవి లెక్కలోకి రావు.

ఇప్పుడు ప్రెడ్నిసొలోన్ 2.5 ఎంజీ. 5 ఎంజీ మాత్రని కట్టర్‌లో పెట్టి సగం చేస్తాను. ఒక్కోసారి సగం సగంలా విరగదు, పెద్ద ముక్క ఇవాళ, చిన్న ముక్క రేపు. (పైన పూత ఉన్న రకమైతే విరగ్గొట్టకూడదు, అడిగి తెలుసుకోండి.) 10 నుంచి 5కి రావడానికి అయిదు నెలలు, 5 నుంచి ఇక్కడికి ఏడు నెలలు పట్టింది. తగ్గించిన ప్రతిసారీ వారం, పది రోజులు కీళ్లు పట్టేస్తాయి, నీరసం. అది జబ్బు తిరిగి రావడమా, ఒళ్లు అలవాటుపడటమా అని ప్రతిసారీ గుండెల్లో రాయి పడుతుంది. స్టెరాయిడ్ వాడుతున్నానని రాసిన కార్డు పర్సులో ఉంటుంది. జ్వరమొచ్చినా, పన్ను తీయించుకున్నా డోసు పెంచాలేమో ముందు డాక్టర్ని అడుగుతాను.

కళ్లజోడు జారుతోంది. పోయిన నెల కాడలు మళ్లీ బిగుతు చేయించుకున్నాను. వచ్చే వారం పొద్దున ఎనిమిదింటికి కార్టిసాల్ పరీక్ష. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోమన్నారు. పడుకున్న గ్రంథులు లేచాయో లేదో అప్పుడు తెలుస్తుంది.