మూడు కంపెనీల కాక్లియర్ ఇంప్లాంట్లు: బ్రోషర్ చెప్పేదెంత, చెప్పనిదెంత

కాక్లియర్ ఇంప్లాంట్ అంటే, వినికిడి బాగా పోయినవారికి లోపలి చెవిలో ఎలక్ట్రోడ్ల తీగ అమర్చి, చెవి బయట ఉండే ప్రాసెసర్ పంపే ధ్వనిని కరెంటుగా నాడికి చేర్చే పరికరం. దాన్ని ఎంచుకునేటప్పుడు ఎక్కువమంది ముందు అడిగేది "ఇందులో ఎన్ని ఎలక్ట్రోడ్లు?" అని. కాక్లియర్ కంపెనీ న్యూక్లియస్‌లో 22, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌లో 16, మెడ్-ఎల్‌లో 12 చానెళ్లు (విడిగా కరెంటు ఇవ్వగల దారులు) ఉంటాయి. ఈ అంకె చూసి డబ్బు కట్టకండి. కాక్లియా (లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న నాళం) లోపల ఉండేది ద్రవం. ఒక ఎలక్ట్రోడ్ వదిలిన కరెంటు పక్కదాని పరిధిలోకి పాకుతుంది. అందుకే ఎన్ని అమర్చినా, మాట పోల్చుకోవడానికి విడివిడిగా అక్కరకొచ్చేవి చాలామందిలో ఎనిమిదికి అటూ ఇటూగా తేలతాయి. మిగతావి దండగ కాదు. ఒకటి రెండు చెడితే వాటిని ఆపేసి మిగిలినవాటితో నెట్టుకురావచ్చు.

ధ్వనిని విడగొట్టే పద్ధతి గురించి చేసే ప్రచారమూ అంతే. 1984లో అమెరికాలో అనుమతి పొందిన, విలియం హౌస్ రూపొందించిన పరికరానికి ఒక్కటే చానెల్. శబ్దం ఉందని తెలిసేది, పెదవుల కదలిక చదవడానికి ఆసరా అయ్యేది. మాట మాత్రం దాదాపు అందేది కాదు. ఆస్ట్రియాలో హోచ్‌మైర్ దంపతులు, మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ 1970ల చివర్లో బహుళ చానెళ్లు తెచ్చారు. అసలు మలుపు 1991లో బ్లేక్ విల్సన్ బృందం ప్రచురించిన పద్ధతి. రెండు ఎలక్ట్రోడ్లు ఒకేసారి మోగకుండా, ఒకదాని తర్వాత ఒకటిగా అతి వేగంగా కరెంటు పల్స్‌లు పంపడమే అందులో కిటుకు. నేటి పద్ధతులు చాలావరకు దాని మీద కట్టినవే. దాని లోటు కూడా వాటికి సంక్రమించింది: ధ్వని హెచ్చుతగ్గులు చేరతాయి, సూక్ష్మ కంపనాలు చాలావరకు పోతాయి. అందుకే తాళం చక్కగా తెలుస్తుంది, రాగం పట్టుబడదు. సంగీతం కోసమే పెట్టించుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

నిజంగా తేడా పడేది ఎలక్ట్రోడ్లుండే తీగ పొడవు, ఆకారం దగ్గర. కాక్లియా నాళం సుమారు 35 మి.మీ., రెండున్నర చుట్లు. మొదట్లో కీచు శబ్దాలు, కొసలో గంభీర శబ్దాలు. మెడ్-ఎల్ మెత్తటి తీగలు 31.5 మి.మీ., అంతకు మించిన పొడవులోనూ దొరుకుతాయి. రెండో చుట్టులోకి చేరి, గంభీర ధ్వనుల్ని వాటి సహజ చోటికి దగ్గరగా అందిస్తాయి. కాక్లియర్ వారి స్లిమ్ మోడియోలార్ తీగ ముందే వంపు తిరిగి ఉంటుంది, కాక్లియా నడిమి స్తంభాన్ని కరుచుకుంటుంది. నాడికి దగ్గర కాబట్టి తక్కువ కరెంటు చాలు. దేని ఇబ్బంది దానిది. మెనింజైటిస్ తర్వాత ఎముక పేరుకున్న కాక్లియాలో పొడవాటి తీగ పూర్తిగా దూరదు. వంపు తీగ కొస ఒక్కోసారి లోపల మడతపడుతుంది, ఆపరేషన్ బల్ల మీదే ఎక్స్‌రేతో చూసుకోకపోతే తర్వాత మళ్లీ తెరవాల్సి రావచ్చు. కొంత వినికిడి మిగిలి ఉంటే, సన్నని తిన్నటి తీగను రౌండ్ విండో (కాక్లియాకు పొరతో మూసి ఉండే సహజ కిటికీ) గుండా నెమ్మదిగా దించడం మేలు. సీటీ, ఎంఆర్ఐ చూశాక "ఈ చెవికి ఇదే పొడవు ఎందుకు?" అని సర్జన్‌ని అడగండి. అసలు శ్రవణ నాడే లేకపోతే ఈ మూడింటిలో ఏదీ పనికిరాదు.

బయటి కాయిల్‌ని (సంకేతం పంపే చుట్ట) చర్మం మీద నిలిపి ఉంచే లోపలి మ్యాగ్నెట్ విషయంలో మూడు కంపెనీల కొత్త మోడళ్లూ ఒక స్థాయికి వచ్చాయి. తిరిగే మ్యాగ్నెట్ వల్ల బలమైన 3 టెస్లా ఎంఆర్ఐ కూడా దాన్ని తీయకుండా చేయించుకోవచ్చు, బయటి భాగాలు తీసేస్తే చాలు. కానీ ఆ పక్క మెదడు బొమ్మలో నల్లటి నీడ మాత్రం పడుతుంది.

మంచి పరికరాన్ని చెడగొట్టేది ఎక్కువగా మ్యాపింగే, అంటే ఒక్కో ఎలక్ట్రోడ్‌కు ఎంత కరెంటో సెట్ చేయడం. స్విచ్ ఆన్ సాధారణంగా ఆపరేషన్ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకు. ప్రతి సిట్టింగ్‌లో ముందు ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డు) చూడాలి: మరీ ఎక్కువైతే తీగ తెగిందో, గాలి బుడగో. మరీ తక్కువైతే షార్ట్. ఆ తర్వాత వినబడే కనీస, ఇబ్బంది పెట్టని గరిష్ఠ కరెంటు స్థాయిలు. గరిష్ఠం పెంచేస్తే పిల్లలు కాయిల్ పీకేస్తారు, తగ్గించేస్తే మాట స్పష్టత పోతుంది. నాడి స్పందన కొలత సాయపడుతుంది గానీ దాన్నే మ్యాప్‌గా దింపేస్తే కుదరదు. ముఖం అదిరితే ఆ ఎలక్ట్రోడ్ స్థాయి తగ్గించాలి, లేదా పల్స్ వెడల్పు పెంచాలి, అదీ కాకుంటే ఆపేయాలి.

ఇంట్లో "ఇంప్లాంట్ పోయింది" అనిపించినప్పుడు చాలాసార్లు పోయేది కేబుల్, ప్లగ్ దగ్గర వంగే చోట. బ్యాటరీ, కేబుల్, కాయిల్, మైక్ కవర్, ఈ వరుసలో మార్చి చూడండి. చెమటతో మూసుకున్న మైక్ కవర్ వల్ల శబ్దం మూటలోంచి వచ్చినట్టు ఉంటుంది. జింక్-ఎయిర్ బ్యాటరీ (గాలితో పనిచేసేది) వాడితే ఇంప్లాంట్ రకం 675 తీసుకోవాలి, హియరింగ్ ఎయిడ్ 675 అంత కరెంటు ఇవ్వలేదు. స్టిక్కర్ తీశాక కొన్ని నిమిషాలు గాలి తగలనివ్వాలి. రాత్రిళ్లు డ్రై బాక్స్ (తేమ పీల్చే డబ్బా) తప్పనిసరి. మ్యాగ్నెట్ కింద చర్మం ఎర్రబడితే తక్కువ బలమున్నది అడగండి, లాగిలాగి పుండు పడేదాకా ఆగొద్దు.

మన్నిక లెక్కకు బ్రోషర్ వద్దు, కంపెనీ విడుదల చేసే విశ్వసనీయతా నివేదిక అడగండి. పిల్లలకూ పెద్దలకూ విడిగా, ఎన్నేళ్ల డేటా అన్నదీ చూడాలి. కొత్త మోడల్ అంకె ఎప్పుడూ అందంగానే ఉంటుంది, దానికి వయసు లేదు కదా. 2011లో కాక్లియర్ తన సీఐ500 శ్రేణిని, 2020లో అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ తొలి హైరెస్ అల్ట్రా ఇంప్లాంట్లను వెనక్కి పిలిచాయి, రెండుచోట్లా తేమే కారణం.

లోపలి భాగం దశాబ్దాలు తలలో ఉంటుంది, ఒక కంపెనీ ప్రాసెసర్ ఇంకో కంపెనీ ఇంప్లాంట్‌కు పని చేయదు. కాబట్టి పాత ఇంప్లాంట్లకు కొత్త ప్రాసెసర్ ఇస్తూ వచ్చారా, మీకు అందే దూరంలో ఆ కంపెనీ మ్యాపింగ్ తెలిసిన ఆడియాలజిస్ట్ ఉన్నారా అన్నది ఎలక్ట్రోడ్ల సంఖ్య కంటే ముందు అడగాలి. రెండో చెవికి హియరింగ్ ఎయిడ్ వాడేవారు జోడీ కుదిరేదీ చూసుకోవాలి: అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌కు ఫోనాక్, కాక్లియర్‌కు రీసౌండ్.