జేఆర్‌ఎఫ్‌తో మన దగ్గరే పీహెచ్‌డీనా, అమెరికానా: ఏది మేలు?

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ ఫైనలియర్ వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఫెలోషిప్) వచ్చింది, అమెరికాకీ అప్లై చేద్దామనుంది, రెండింట్లో ఏది వదులుకోవాలి అని. నేనూ ఏడాది పాటు ఇదే టెన్షన్ పడి చివరికి అమెరికా వచ్చాను. రెండేళ్లయింది కాబట్టి చూసింది చూసినట్టు చెప్తాను.

ముందు డబ్బు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకి 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (అదే ఫెలోషిప్‌లో సీనియర్ దశ) అయితే 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. హైదరాబాద్‌లో ఒక్కరే ఉంటే దీంతో బతకొచ్చు, కాకపోతే చాలామందికి నెలనెలా పడదు, కొన్ని నెలలది కలిపి ఒకేసారి పడుతుంది. అమెరికాలో పీహెచ్‌డీకి ఫీజు ఉండదు, స్టైపెండ్, ఇన్సూరెన్స్ ప్రోగ్రామే ఇస్తుంది. లోన్ తీసుకుని ముందు ఎంఎస్‌కి వెళ్దామనుకునేవాళ్లు కాస్త ఆగండి, ఎమ్మెస్సీ ఉంటే నేరుగా పీహెచ్‌డీకే అప్లై చేయొచ్చు. ఒక్కో యూనివర్సిటీకి సుమారు 75 నుంచి 100 డాలర్ల అప్లికేషన్ ఫీజు మాత్రం భారమే, కానీ మెయిల్ పెట్టి అడిగితే కొన్నిచోట్ల మాఫీ చేస్తారు.

నాకు అసలు తేడా కనిపించింది రొటేషన్ దగ్గర. ఇక్కడి బయాలజీ ప్రోగ్రాముల్లో చాలావాటిలో మొదటి ఏడాది ఏ ల్యాబూ మనది కాదు. ఎనిమిది, పది వారాల చొప్పున మూడు ల్యాబుల్లో పనిచేసి, ఆ తర్వాత ఇద్దరికీ నచ్చితేనే చేరతాం. మన దగ్గర చాలా యూనివర్సిటీల్లో అడ్మిషన్‌తోనే గైడ్ ఖరారవుతారు, ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు చూసిన మనిషి దగ్గర ఐదేళ్లు ఉండాలి. పైగా జేఆర్‌ఎఫ్ వ్యాలిడిటీ అయిపోతోందన్న కంగారులో ఖాళీ ఉన్న ల్యాబ్‌లో చేరిపోయినవాళ్లు నా బ్యాచ్‌లోనే ఉన్నారు.

నా రెండో రొటేషన్‌లో వెస్టర్న్ బ్లాట్ (శాంపిల్‌లో ఫలానా ప్రోటీన్ ఉందో లేదో చూసే పరీక్ష) చేస్తూ ట్రాన్స్‌ఫర్ శాండ్‌విచ్, అంటే జెల్‌లోని ప్రోటీన్‌ని కరెంటుతో మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదకి పంపే అమరిక, తిరగేసి పెట్టాను. ప్రోటీన్ మెంబ్రేన్ మీదకి రాకుండా బఫర్‌లోకి పోయింది, ప్రోటీన్‌ని ఎర్రగా చూపించే పాన్సో రంగు వేసి చూస్తే ఒక్క ఎర్ర గీత లేదు. సరిగ్గా ఇదే తప్పు ఎమ్మెస్సీ ప్రాజెక్టులో చేస్తే అప్పటి గైడ్ అందరి ముందూ అరిచారు, ఆ తర్వాత వారం రోజులు నేను జెల్ ముట్టుకోలేదు. ఇక్కడ ప్రొఫెసర్ స్టూల్ లాక్కుని పక్కన కూర్చుని, ఆ శాండ్‌విచ్‌ని బిగించే ఖాళీ క్యాసెట్ చేతికిచ్చి, నల్ల పలక ఎటుండాలో, జెల్ దాని పక్కనే ఎందుకుండాలో నాతోనే చెప్పించి, మిగిలిన శాంపిల్‌తో రేపు మళ్లీ వేయమన్నారు. ఆ సాయంత్రమే నాకు తేలిపోయింది ఎవరి దగ్గర చేరాలో. నిజానికి నేను అమెరికా వచ్చింది వేరే పెద్ద పేరున్న ల్యాబ్ కోసం, అక్కడ తొమ్మిది వారాల్లో బాస్‌ని చూసింది మూడుసార్లు. రొటేషన్ లేకపోతే కళ్లు మూసుకుని అక్కడే చేరేవాణ్ణి.

కాబట్టి నా ఓటు రొటేషన్‌కి. అది మన దగ్గరా ఉంది. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే బయాలజీ పరిశోధన సంస్థలో ఉంది, అక్కడ సీటొస్తే అమెరికా ఆలోచన పక్కన పెట్టినా నష్టం లేదంటాను. అమెరికాలో యాంటీబాడీ లాంటి ల్యాబ్ సరుకు ఆర్డర్ పెడితే ఒకట్రెండు రోజుల్లో వస్తుంది, మన దగ్గర దిగుమతి సరుకైతే వారాలు పట్టొచ్చు, అది నిజమే, కానీ ముందే ప్లాన్ చేసుకుంటే ఆ కష్టం తట్టుకోవచ్చు. గైడ్‌తో పడకపోతే తట్టుకోవడం చాలా కష్టం. అమెరికాలోనూ అంతా సాఫీగా లేదు, 2025లో ఎన్‌ఐహెచ్ (వైద్య, బయాలజీ పరిశోధనకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) నిధుల గొడవతో కొన్ని ప్రోగ్రాములు సీట్లు తగ్గించాయి, ఇచ్చిన ఆఫర్లు వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి. అమెరికా ఒక్కదాన్నే నమ్ముకుని జేఆర్‌ఎఫ్ వదిలేయకండి.

జర్మనీ గురించీ అడుగుతారు. ఎమ్మెస్సీ ఉంటే మూడు నాలుగేళ్లలో అయిపోతుంది, మంచిదే, కానీ చాలావరకు ఇంటర్వ్యూలోనే ల్యాబ్ తేలిపోతుంది.

రొటేషన్ లేని చోట చేరాల్సి వస్తే దాన్ని మీరే ఏర్పాటు చేసుకోండి. ఎమ్మెస్సీలో ఉండగానే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేయండి, రెండు నెలలు ఒక ల్యాబ్ లోపలి నుంచి చూడొచ్చు. జేఆర్‌ఎఫ్ వచ్చాక అయితే, రిజిస్ట్రేషన్‌కి ముందు కొన్నాళ్లు పనిచేసి చూస్తానని గైడ్‌ని అడగండి. మీ జీతం మీరే తెచ్చుకుంటున్నారు, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఆ ల్యాబ్‌లో చివరి ముగ్గురికి థీసిస్ ఇవ్వడానికి ఎన్నేళ్లు పట్టింది, మధ్యలో వెళ్లిపోయినవాళ్లెందరు, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు అన్నవి మాత్రం గైడ్‌ని కాదు, అక్కడ నాలుగో ఏడాదిలో ఉన్నవాళ్లని, ల్యాబ్ బయట టీ కొట్టు దగ్గర అడగండి.