ఘంటస్తంభం దగ్గరి కంప్యూటర్ సర్వీస్: ఫార్మాట్ కొట్టకుండానే లాగిన్ బాగుచేశారు

మాది విజయనగరంలో మందుల హోల్‌సేల్ ఆఫీసు. లెక్కలన్నీ సర్వర్‌లోనే ఉంటాయి. జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల జీఎస్టీ రిటర్ను, వేయడానికి 11వ తేదీ గడువు. సరిగ్గా ఆ టెన్షన్‌లో ఉండగా కొత్తగా చేరిన అమ్మాయికి లాగిన్ అవడం లేదు. డొమైన్, అంటే మా సర్వర్ నడిపే ఆఫీసు లాగిన్ వ్యవస్థ, అందుబాటులో లేదని మెసేజ్. అదే కంప్యూటర్ నా పేరుతో తెరుచుకుంటోంది, ఇంటర్నెట్ కూడా వస్తోంది, సర్వర్‌లోని ఫోల్డర్లు మాత్రం రావు. మిగతా కంప్యూటర్లలోనూ ఇదే వరస.

ముందు వచ్చి చూసినతను విండోస్ పాడైంది, అన్నిటికీ ఫార్మాట్ కొట్టాలన్నాడు. అన్ని కంప్యూటర్లలో ఒకేరోజు విండోస్ ఎలా పాడవుతుంది? నాకు నమ్మకం కుదరక ఘంటస్తంభం దగ్గరి సందులో ఉన్న చిన్న షాపులో చెప్పాను.

వాళ్లు పంపిన కుర్రాడు పాస్‌వర్డ్ జోలికే పోలేదు. నల్ల విండో తెరిచి, నెట్‌వర్క్ సెట్టింగులు చూపించే ఐపీకాన్ఫిగ్ ఆల్ అనే కమాండ్ కొట్టి, డీఎన్ఎస్ (పేరు చెబితే అడ్రసు వెతికిపెట్టేది) ఉన్న లైను చూపించాడు. 8.8.8.8 అని ఉంది.

"ఇది గూగుల్‌ది మేడమ్. బయటి సైట్లన్నీ దీనికి తెలుసు. మీ ఆఫీసు సర్వర్ పేరు దీనికెలా తెలుస్తుంది?"

నెట్ స్లోగా ఉందని ఎవరో రౌటర్‌లో మార్చేశారు. మరి నాకెలా తెరుచుకుందని అడిగాను. అంతకుముందు లాగిన్ అయినవాళ్ల వివరాలు విండోస్ ఆ కంప్యూటర్‌లోనే దాచుకుంటుందట, మామూలుగా 10 మందివి. సర్వర్ దొరక్కపోయినా వాటితో లోపలికి రానిస్తుంది. ఆ అమ్మాయి అందులో ఎన్నడూ లాగిన్ కాలేదు కాబట్టి బయటే ఉండిపోయింది. ఇంత ఓపిగ్గా విడమరిచి చెప్పినందుకే ఈ షాపుకి సగం మార్కులు వేస్తాను.

రౌటర్‌లో డీఎన్ఎస్‌గా మా సర్వర్ అడ్రసే ఇచ్చాడు. బయటి పేర్ల కోసం 8.8.8.8ని సర్వర్‌లో ఫార్వర్డర్‌గా పెట్టాడు, అంటే తనకు తెలియని పేర్లను సర్వరే దాన్ని అడుగుతుంది. దాన్ని కంప్యూటర్లలో రెండో డీఎన్ఎస్‌గా ఉంచుదామంటే ఒప్పుకోలేదు. ఎప్పుడో ఒకసారి దాన్నే అడిగి, మళ్లీ ఇదే గొడవ తెస్తుందన్నాడు.

బిల్లింగ్ కంప్యూటర్ అప్పటికీ మొరాయించింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని టైమ్ వెనక్కి పోతోంది. సర్వర్ టైమ్‌తో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే, లాగిన్‌ను సరిచూసే కెర్బెరోస్ అనే పద్ధతి ఒప్పుకోదట. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చి టైమ్ సరిచేయగానే దారికొచ్చింది.

మార్చిన సెట్టింగులు, పాత విలువలతో సహా, కాగితం మీద రాసి రౌటర్ పక్కన అంటించాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ తను అడగలేదు, మా యజమానితోనే టైప్ చేయించాడు. బిల్లులో బ్యాటరీ ఖరీదు, విజిట్ ఛార్జీ విడివిడిగా రాశారు.

నచ్చనిదల్లా ఫోన్ ఎత్తకపోవడం. షాపుకి వెళ్లి చెబితేనే పని. సాయంత్రం దాటితే రారు, పైడితల్లమ్మ సిరిమాను రోజుల్లో అసలు తీయరు. వెళ్లేటప్పుడు స్క్రీన్ మీది మెసేజ్ ఫొటో తీసుకెళ్లండి, వాళ్లు మొదట అడిగేది అదే.