ఓరేలో బస, లోరియాన్‌లో సన్నాయి: బ్రిటనీ తీరంలో మా వేసవి

రైలు వాన్ స్టేషన్ దాటాక స్పీకర్లోంచి "ఓరే... ఓరే" అని ఆడగొంతు వినబడింది. నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎవర్నిరా ఆవిడ అలా కేకేస్తోంది?" అన్నారు. అది మేం దిగాల్సిన ఊరు. ఫ్రాన్స్ పడమటి కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన బ్రిటనీలో చిన్న పట్నం. మిగతా తొమ్మిది రోజులూ ఆయనకి ఆ జోకు పాతబడలేదు.

నిజానికి మేం ఓరేలో ఉండాలనుకోలేదు. ఆగస్టు మొదట్లో పది రోజులు జరిగే కెల్టిక్ (ఐర్లండ్, స్కాట్లండ్, బ్రిటనీ లాంటి చోట్ల పాత జాతి) సంగీతోత్సవం కోసం లోరియాన్‌లోనే, నడిచి వెళ్ళేంత దూరంలో, ఫిబ్రవరిలో ఒక ఫ్లాట్ బుక్ చేశాను. జూన్‌లో ఓనరు "పైపులు రిపేరు" అని రద్దు చేశాడు. వారం తర్వాత అదే ఫ్లాట్ దాదాపు రెట్టింపు అద్దెతో మళ్ళీ కనబడింది. లోరియాన్ జనాభా 60 వేలకు లోపు. ఆ పది రోజుల్లో వచ్చేవాళ్ళు లక్షల్లో ఉంటారు. కాబట్టి ఈ పైపులు ఎవరికైనా పగలొచ్చు. ఆ ఊళ్ళోనే దిగాలని పట్టుబడితే మామూలు హోటల్లో, ఉచితంగా రద్దు చేసుకునే షరతు మీద గది తీసుకోండి. లేదా మాలాగా రైలు దారిలో పక్క ఊరు వెతుక్కోండి.

ఓరే మాకు బాగా నప్పింది. లోరియాన్‌కి లోకల్ రైల్లో అరగంట లోపే. వృద్ధ దంపతుల ఇంట్లో మేడ మీద గది రోజుకి 95 యూరోలు, పొద్దున్న టిఫిను కలిపే. రొట్టె, ఉప్పు వెన్న, వాళ్ళ పెరటి చెట్టు జామ్. నాన్నకి పక్క గది. ఒక్క లోటు, స్టేషను నుంచి సాన్-గుస్తాన్ అనే పాత రేవు వీధికి నడక ఎక్కువ, దిగుడు, రాళ్ళ బాట. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే స్టేషను వైపే బస చూసుకోండి. ఆ రేవు మాత్రం ఒక సాయంత్రమైనా చూడాలి. 1776లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి ఫ్రాన్స్ సాయం అడగడానికి వచ్చి దిగింది అక్కడే.

మొదటి ఆదివారం కాంపేర్ వెళ్ళాం. స్పెల్లింగు చూసి క్విమ్పర్ అని చదివితే అక్కడ ఎవరికీ అర్థం కాదు. రైల్లో గంట పైచిలుకు. బ్రిటనీ సొంత భాష బ్రెతోన్‌లో ఆ పేరుకి నదులు కలిసేచోటు అని అర్థం. స్తెయిర్, ఒదే అనే రెండు నదులు ఊరి మధ్యే కలుస్తాయి. జులై ఆఖర్లో జరిగే కోర్నువాయ్ ఉత్సవం 1923లో మొదలైంది. ఇక్కడ బట్టలే సగం సంగీతం. లేసు టోపీల్లో ఒక్కో పేటకి ఒక్కో రకం, కొన్ని మూరెడు ఎత్తు. నీలం మీద పసుపు దారపు పని చేసిన జాకెట్లలో ముసలాళ్ళు, వాళ్ళ వెనక అదే జాకెట్‌లో నాలుగేళ్ళ పిల్లలు. మా ఆవిడ ఆ కుట్టుపనిని వదిలిపెట్టి రాలేదు. ఊరేగింపు చూడ్డానికి కుర్చీలు, నీడ ఉన్నాయి, నాన్నకి అన్నిటికంటే సుఖంగా గడిచిన రోజు అదే. కాని రాత్రి కచేరీలకి ఆగాలంటే ఆ ఊళ్ళోనే పడుకోవాలి, మేం ఆగలేదు. అక్కడి పెద్ద చర్చి తిన్నగా ఉండదు, మధ్యలో కొంచెం వంగుతుంది, లోపల నుంచుని చూస్తే తెలుస్తుంది.

ఇక లోరియాన్. అందమైన ఊరనుకుని వెళ్ళకండి. 1943 మొదట్లో జర్మన్ జలాంతర్గాముల స్థావరం మీద మిత్రరాజ్యాలు వేసిన బాంబులకి దాదాపు ఊరంతా నేలమట్టమైంది. మీటర్ల మందాన కాంక్రీటు కప్పు వేసుకున్న స్థావరం మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తర్వాత కట్టినవన్నీ బూడిదరంగు డబ్బాల్లాంటి బిల్డింగులు. ఉత్సవం లేని రోజుల్లో అక్కడ రాత్రి బస చేయమని ఎవరికీ చెప్పను.

ఉత్సవం ఉన్నప్పుడు సంగతి వేరు. 1971 నుంచి జరుగుతోంది. ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, కార్న్‌వాల్, మాన్ ద్వీపం, స్పెయిన్ ఉత్తరాన ఉన్న గలీసియా, అస్తూరియాస్ నుంచి కూడా వాద్యగాళ్ళు వస్తారు. నేను అనుకున్నదల్లా స్కాట్లండ్ బ్యాగ్‌పైపుల మోతే. శుక్రవారం సాయంత్రం రేవు పక్కన ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నుంచుని వాయిస్తున్నారు. ఒకరి చంకలో చిన్న తోలు తిత్తి, రెండోవాళ్ళ చేతిలో మూరెడు నల్ల కర్ర. ఆ కర్ర నోట పెట్టి ఊదగానే నాన్న నా చెయ్యి పట్టుకుని ఆగిపోయారు.

"ఒరేయ్, ఇది సన్నాయిరా."

సన్నాయి చుట్టమే. దాని పేరు బొంబార్డ్. మన సన్నాయిలాగే జంట రెల్లు పీక, అదే పదును, అదే గట్టితనం. ఆ తోలు తిత్తి వాద్యం పేరు బినియూ, బొంబార్డ్ కంటే పై స్థాయిలో పలుకుతుంది, కింద ఒకే స్వరం ఆగకుండా మోగుతూ ఉంటుంది, మన మేళంలో ఒత్తు పట్టినట్టు. బొంబార్డ్ ఊదడానికి దమ్ము ఎంత కావాలంటే, వాయించేవాడు ఒక వరస ఊది ఆగాలి. ఆగినంతసేపూ తిత్తిలో గాలి దాచుకున్న బినియూ అదే వరస అందుకుంటుంది. వీళ్ళు వెనకటికి పెళ్ళి ఊరేగింపుల ముందు నడిచేవాళ్ళని పక్కన నుంచున్న ఒకాయన చెప్పాడు. అనువదించి చెబితే నాన్న "మరి ఇంకెక్కడ నడుస్తారు?" అన్నారు. డోలు లేకపోవడమే ఆయనకి వెలితి.

శనివారం స్టేడియంలో బగాద్‌ల పోటీ. బగాద్ అంటే పైపులు, బొంబార్డ్‌లు, డ్రమ్ముల పెద్ద దళం. దీనికి టికెట్ ఉంది, కొనండి. ఒక్కో దళం కొద్ది నిమిషాల్లోనే ఏడాది సాధకాన్నంతా జడ్జీల ముందు పెడుతుంది. నలభై మంది ఒక్కసారిగా ఊపిరి తీసుకోవడం పై వరసల్లోకి కూడా వినబడుతుంది. ఆదివారం పొద్దున్న మహా ఊరేగింపు, మూడు వేలమందికి పైగా కళాకారులు. స్టాండుల్లో కుర్చీకి డబ్బులు, రోడ్డు పక్కన నుంచుంటే ఉచితం. నాన్న కోసం కుర్చీ టికెట్ తీశాను, ఎండలో రెండు గంటలు కూర్చోబెట్టి పొరపాటు చేశాను. చెట్ల నీడ ఉన్న మలుపు దగ్గర మడత కుర్చీ వేసుకున్నవాళ్ళు మాకంటే తెలివైనవాళ్ళు. ఎర్ర కుచ్చు టోపీలతో నౌకాదళం వాళ్ళ బగాద్ కూడా నడిచింది, పక్కనే ఉన్న లాన్-బిహువే స్థావరం వాళ్ళది, 1952 నుంచి ఉంది. దానికి పడిన చప్పట్లు వేరే దేనికీ పడలేదు.

టికెట్ లేకుండా దొరికేదే ఎక్కువ. వీధి చివర, బార్ల ముందు, రేవు గట్టున ఎవరో ఒకరు వాయిస్తూనే ఉంటారు. పెద్ద కచేరీలకి డబ్బు పోయకపోయినా లోటు తెలియదు. రాత్రి జరిగే నాట్య సభని ఫెస్ట్-నోజ్ అంటారు, 2012లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. చిటికెన వేళ్ళు పెనవేసుకుని గొలుసులా కదలడమే, అడుగులు పావుగంటలో వచ్చేస్తాయి. వాద్యాలు ఆగినప్పుడు ఇద్దరు పాటగాళ్ళు అందుకుంటారు, మొదటివాడి చరణం చివరి మాటల మీదే రెండోవాడు వచ్చి కలిసి, మళ్ళీ మొత్తం పాడతాడు. బుర్రకథలో వంత విన్న చెవికి ఇది కొత్త కాదు.

ఆ వంత మోజులోనే ఆఖరి రైలు పోయింది. అక్కడ ఆగస్టు మొదట్లో పొద్దు గుంకేసరికే పావుతక్కువ పది, ఫెస్ట్-నోజ్ వేడెక్కేసరికి రైళ్ళు అయిపోతాయి. ఓరేకి టాక్సీ 120 యూరోలు. గది రోజు అద్దె కంటే ఎక్కువ! తప్పు నాదే, టైంటేబుల్ జేబులోనే ఉంది. కారు ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, కాని ఊళ్ళో పార్కింగు కోసం తిరిగే బాధ ఉంది.

మధ్యలో ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం పడవ బస్సు ఎక్కి రేవుకి అవతల ఉన్న పోర్-లూయీ కోటకి వెళ్ళాం. సంగీతం కోసం వచ్చినా దీన్ని వదులుకోవద్దు. లోరియాన్ పుట్టిందే ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఓడల కోసం. 1666లో ఇక్కడ ఓడల కార్ఖానా పెట్టారు, తూర్పు దేశం అనే అర్థంలోనే ఊరికా పేరు. మూడేళ్ళకే ఆ కంపెనీ మన బందరులో కొట్టు తెరిచింది. కోటలోని మ్యూజియంలో ఓడల నమూనాలు, చైనా పింగాణీ, మన తీరం నుంచి వెళ్ళిన అద్దకం బట్టలు ఉన్నాయి. ఆ బట్టల పిచ్చి ఎంత ముదిరిందంటే సొంత నేతగాళ్ళని కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది. నాన్నది యానాం దగ్గర పల్లె. ఫ్రెంచి పింఛను తీసుకునేవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూసిన మనిషి. అద్దాల ముందు చాలాసేపు నిలబడి, "బొబ్బిలి మీదికి వచ్చిన బుస్సీ దొర వీళ్ళ మనిషేనన్నమాట" అన్నారు. లోరియాన్ మధ్యలో ఇప్పటికీ ఒక గట్టు పేరు కే దెజాండ్, అంటే ఇండియా గట్టు. మేం రోజూ కాఫీ తాగింది దాని మీదే.

తిండి. నాన్నకి గుడ్డు వరకు పర్వాలేదు, మాంసం ముట్టరు. బక్‌వీట్ అనే గింజల పిండితో పోసే గలెత్ మన రవ్వట్టుకి దూరపు చుట్టం, అంచులు కరకరలాడాలి. "కోంప్లెత్" అని అడిగితే గుడ్డు, చీజుతోపాటు పంది మాంసం ముక్క కూడా వస్తుంది, "సాన్ జాంబోన్" అని చెప్పాలి. ఉత్సవం గుడారాల్లో క్యూ పెద్దది, అట్లు మెత్తబడ్డాయి. స్టేషను వైపు రెండు వీధులు వెనక్కి నడిస్తే అదే ధరకి పెనం మీంచి తీసినవి దొరికాయి. కూయిన్-అమాన్ అనే తీపి రొట్టె వెన్న, పంచదార తప్ప ఇంకేమీ కాదు. నలుగురికి ఒకటి చాలు, మేం ముగ్గురం రెండు తిన్నాం.

వాన గురించి అక్కడివాళ్ళే వేళాకోళం ఆడతారు, బ్రిటనీలో రోజుకి చాలాసార్లు వాతావరణం బాగుంటుందని. తుంపర, ఎండ, మళ్ళీ తుంపర. గొడుగు కంటే టోపీ ఉన్న కోటు మేలు. రాత్రి స్వెట్టరు తప్పదు.

మిగతా ఉత్సవాల గురించి రెండు ముక్కలు. క్రోజోన్ ద్వీపకల్పంలో 2000 నుంచి జరుగుతున్న బూ-దు-మోండ్, అంటే లోకం చివర, ఆగస్టు మొదటి వారాంతంలోనే వస్తుంది, లోరియాన్ ఆరంభంతో ఢీకొంటుంది. మా ఆవిడా నేనూ అంతకుముందు ఇంకో ఏడాది గుడారం వేసుకుని వెళ్ళాం. ఆఫ్రికా, బాల్కన్ దేశాల పాటలు, నడక దూరంలో కొండ అంచులు, సముద్రం. ఈ ప్రాంతంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు అదే, కాని పెద్దవాళ్ళని తీసుకెళ్ళలేం. కరే ఊళ్ళో జులై మధ్యలో జరిగే వియెయ్ షారూ తీరానికి దూరం, నడి పల్లెల్లో. పేరుకి అర్థం పాత నాగళ్ళు. 1992లో బ్రెస్త్ రేవులో పాత తెరచాప ఓడల పండగ చేస్తుంటే, ఓడల్లేని మేం నాగళ్ళకి చేసుకుంటామని కుర్రాళ్ళు ఎగతాళికి మొదలుపెట్టారు. ఇప్పుడది రెండు లక్షల మంది దాటే రాక్ జాతర. ఒక రోజు వెళ్ళాను. దుమ్ము, బీరు, తెర మీద తప్ప కనబడని గాయకుడు. ఆ వయసు దాటిపోయిందని అర్థమైంది.

ఆఖరి రోజు పొద్దున్న లోరియాన్‌లో వాద్యాలు చేసేవాళ్ళ గుడారంలో నాన్న ఒక బొంబార్డ్ చేతిలోకి తీసుకున్నారు. అమ్మేవాడు పీక తడిపి బిగించి ఇచ్చాడు. మూడుసార్లు ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు, నాలుగోసారి బాతు అరిచినట్టు ఒక కూత. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాద్యం ధర విని నాన్న పీక ఒక్కటే కొన్నారు. అది మా ఊరి నాదస్వరం ఆయనకి చూపించాలట.

వచ్చే ఏడుకి ఓరేలో అదే గది చెప్పి పెట్టాం. టాక్సీ అతని నంబరు కూడా దాచుకున్నాను.