టమాటా పాలీహౌస్‌లో టెన్సియోమీటర్: ముల్లు సున్నా దగ్గరుంటే వెంటనే నమ్మొద్దు

మట్టి బెడ్లలో పెంచే పాలీహౌస్ టమాటాకి ఎప్పుడు తడి ఇవ్వాలో తెలుసుకోవడానికి గేజీ ఉన్న మామూలు టెన్సియోమీటర్‌కే మా ఓటు. బ్యాటరీ ఉండదు, యాప్ ఉండదు. నీళ్లు నింపిన గొట్టం, దాని కింద కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలున్న పింగాణీ మొన, పైన 0 నుంచి 100 సెంటీబార్ల (లాగుడు కొలిచే ప్రమాణం) వాక్యూమ్ గేజీ, అంతే. మట్టి ఆరేకొద్దీ మొనలోంచి నీటిని లాగుతుంది. ఆ లాగుడు ఎంతో ముల్లు చెబుతుంది. వేరు నీళ్లు తాగాలన్నా ఆ లాగుడునే గెలవాలి కాబట్టి ఈ అంకె నేరుగా పనికొస్తుంది.

చవగ్గా దొరికే రెండు మేకుల తేమ సెన్సర్లు శాతం చూపిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఇసుక నేలలో 25 శాతమంటే కావలసినంత పదును, బంకమట్టిలో అదే 25 శాతానికి మొక్క వాడిపోవచ్చు. పైగా డ్రిప్‌లో ఎరువులు వదిలాక ఉప్పు పెరిగితే ఉన్నదానికంటే ఎక్కువ తడి చూపిస్తాయి. టెన్సియోమీటర్‌కి ఉప్పుతో పేచీ లేదు.

అయితే ఇది పెట్టి మరిచిపోయే వస్తువు కాదు. మొనని రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. జిడ్డు చేతులతో ముట్టుకుంటే రంధ్రాలు పూడుకుపోతాయి. గొట్టంలో పోసేది కాచి చల్లార్చిన నీళ్లే అయివుండాలి, లేకపోతే నీటిలో కరిగిన గాలి బుడగలై పైకి చేరుతుంది. చేతి వాక్యూమ్ పంపుతో లాగి, గొట్టం మీద వేలితో తట్టి బుడగలు తీసెయ్యాలి. గొట్టం లావుకి సరిపడా గుంత చేసి, జల్లించిన మట్టిని పల్చటి బురదగా కలిపి అందులో పోసి, ఆపైన దించాలి. మొన చుట్టూ గాలి సందు మిగిలితే ముల్లు కదలడానికి బద్ధకిస్తుంది. డ్రిప్పర్ కింద కాదు, వరుసలోనే 10 నుంచి 15 సెం.మీ. పక్కన పెట్టాలి. తలుపు, ఫ్యాన్ల దగ్గరి మొక్కల్ని వదిలెయ్యండి, అవి మిగతా తోట పరిస్థితి చెప్పవు.

అసలు మోసం సున్నా దగ్గరుంది. మట్టి బాగా ఆరి లాగుడు 80 సెంటీబార్లు దాటే సరికి మొనలోంచి గాలి దూరుతుంది, గొట్టంలో వాక్యూమ్ తెగిపోతుంది, ముల్లు జారి సున్నాకి వచ్చేస్తుంది. అప్పుడు ఎండిపోయిన బెడ్డు, నీళ్లు నిండిన బెడ్డు గేజీ మీద ఒకేలా కనిపిస్తాయి. పదును నిండుగా ఉందనుకుని తడి ఆపితే పంట దెబ్బతింటుంది. అందుకే సున్నా కనపడగానే గొట్టంలో నీటి మట్టం చూడండి, వేళ్ల లోతు నుంచి మట్టి తీసి గుప్పిట్లో పిసకండి. నీరు తగ్గిపోయి ఉంటే రబ్బరు రింగు లీకైనా కావాలి, మొన పగిలినా కావాలి, మట్టి ఎండినా కావాలి. నీళ్లు మళ్లీ నింపేది తడి ఇచ్చిన తర్వాత, ముల్లు తక్కువగా ఉన్నప్పుడే.

ఇంకో చిన్న సంగతి. గొట్టంలోని నీటి బరువు కూడా గేజీ మీద పడుతుంది. మొనకీ గేజీకీ మధ్య 30 సెం.మీ. ఎత్తుంటే దాదాపు 3 సెంటీబార్లు ఎక్కువ చూపిస్తుంది. తక్కువ అంకెలతో నడిపే ఇసుక నేలలో ఈ తేడాని పట్టించుకోవాలి.

ముల్లు ఇసుక నేలలో 15–20, గరప నేలలో (ఇసుక, బంక కలిసిన నేల) 25–30, బంకమట్టిలో 40 సెంటీబార్ల దాకా వచ్చాక తడి ఇస్తే సరిపోతుంది. రోజూ పొద్దున్నే, నీళ్లు వదలకముందు, ఒకే వేళకి చూడాలి. మధ్యాహ్నం ఎండకి గొట్టం వేడెక్కి ముల్లు అటూ ఇటూ అవుతుంది. ఒకరోజు 10, మరుసటి రోజు 50 అన్నట్టు ఊగనిస్తే కాల్షియం కాయకి సరిగా అందక అడుగు నల్లబడి కుళ్లుతుంది, ఎండిన బెడ్డుకి ఒక్కసారిగా నీళ్లిస్తే కాయలు పగులుతాయి.

ఒకటి కొనడం సగం పనే. 20 సెం.మీ. లోతున ఒకటి, 40–45 సెం.మీ. లోతున ఇంకొకటి జతగా ఉండాలి. పైది ఎప్పుడు ఇవ్వాలో చెబుతుంది, కిందది ఇచ్చింది సరిపోయిందో లేదో చెబుతుంది. కిందది ఎప్పుడూ 10 లోపే ఉంటే నీళ్లు, ఎరువు రెండూ వేళ్లు దాటి పోతున్నాయి. పైది దిగినా కిందది ఎక్కుతూనే ఉంటే తడి లోతుకి చేరడం లేదు. లీటర్ల లెక్క మాత్రం ఈ పరికరం చెప్పదు. నిండా పెరిగిన మొక్క మంచి ఎండ రోజున 2–3 లీటర్లు తాగుతుంది, మబ్బు పడితే అంత పట్టదు.

కొబ్బరి పొట్టు సంచుల్లో పెంచేవాళ్లు దీన్ని కొనొద్దు. అక్కడ ఆట అంతా 10 సెంటీబార్ల లోపే, ఈ గేజీ గీతలకి ఆ తేడాలు దొరకవు. సంచి కింద ట్రే పెట్టి కారిన నీళ్లు కొలవడమే మేలు: ఇచ్చినదాంట్లో 20–30 శాతం బయటికి రావాలి.

కొనేముందు మొన, రబ్బరు రింగు విడిగా దొరుకుతాయో లేదో అడగండి. ముందు పాడయ్యేవి అవే. పంట తీసేశాక గేజీ పట్టుకుని పీకకండి, బెడ్డు తడిపి గొట్టం పట్టుకుని నిలువునా లాగండి.