ఐదు చలికాలాల తర్వాత మా ఆర్వీ హీటెడ్ హోస్ గురించి, దానితో పాటు మిగతా వాటి గురించి

హీటెడ్ హోస్, అంటే బయట కుళాయి నుంచి బండికి నీళ్ళు తెచ్చే, చలికి గడ్డకట్టకుండా కరెంటుతో వేడెక్కే గొట్టం, కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, కొనండి. కానీ అది కొనేశాం కదా ఇంక నీళ్ళకి ఢోకా లేదు అని మాత్రం అనుకోకండి. నేనూ మా ఆవిడా ఏడాదంతా ఆర్వీలోనే, అంటే ఇల్లులా అమర్చిన బండిలోనే ఉంటాం, ఈ హోస్‌తో ఇది ఐదో చలికాలం, మైనస్ 5 చూశాం మైనస్ 23 కూడా చూశాం, ఇన్నేళ్ళలో తెల్లారి లేచేసరికి ట్యాప్‌లో చుక్క రాని రోజులు నాలుగొచ్చాయి. ఆ నాలుగింట్లో హోస్ గడ్డకట్టింది ఒక్కసారే. మిగతా మూడుసార్లూ హోస్ శుభ్రంగా వేడిగానే ఉంది, నీళ్ళు ఆగింది దానికి అవతలో ఇవతలో. అందుకే ఒక్క హోస్ గురించే కాకుండా నీళ్ళు వచ్చే దారంతా రాస్తున్నా, బయట కుళాయి దగ్గర్నుంచి సింక్ కింద దాకా.

మాది 25 అడుగుల హోస్, తాగే నీళ్ళకి పనికొచ్చే రకం. గొట్టం పొడుగునా పక్కనే వేడి తీగ ఉంటుంది, ఒక చివర ప్లగ్, దాని దగ్గరే చిన్న థర్మోస్టాట్. చలి సున్నాకి దగ్గర పడగానే దానంతటదే ఆన్ అవుతుంది, కాస్త ఎండెక్కాక ఆగిపోతుంది. మీటర్ పెట్టి చూశా, పనిచేసేటప్పుడు 170 వాట్ల చుట్టూ తీసుకుంటోంది, అంటే పెద్ద కరెంటేమీ కాదు. రాత్రి మంచు కురిస్తే పొద్దున చూడాలి, చుట్టూ అంతా తెల్లగా ఉంటుంది, హోస్ పడున్న చోట మాత్రం మంచు కరిగి సన్నగా నల్లటి గీతలా కనిపిస్తుంది. ఆ గీత కనబడిందంటే హోస్ బతికే ఉందన్నమాట, నేను రోజూ బయటికి రాగానే మొదట చూసేది అదే.

ఒకసారి అదే గడ్డకట్టింది అన్నా కదా, అది రెండో చలికాలం. కొత్త చోటికి మారినప్పుడు బండి దగ్గర ప్లగ్ పాయింట్ అందుబాటులో ఉందని హోస్‌ని తిప్పి పెట్టా, ప్లగ్ ఉన్న చివర బండి వైపుకి వచ్చింది, థర్మోస్టాట్ పోయి నీళ్ళ కనెక్షన్లుండే అరలో కూర్చుంది. ఆ అరలోకి ఫర్నేస్ (బండిలో ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే హీటర్) వేడి గాలి వస్తుంది, లోపల 10 డిగ్రీలు ఉంటుంది. థర్మోస్టాట్‌కి ఆ 10 డిగ్రీలే తెలుసు గానీ బయట మైనస్ 9 ఉందని దానికెలా తెలుస్తుంది, రాత్రంతా ఆన్ అవ్వనేలేదు, పొద్దునకి హోస్ కర్రలా బిగుసుకుపోయింది. అప్పట్నుంచి థర్మోస్టాట్ ఎప్పుడూ ఎక్కువ చలి తగిలే వైపే ఉండేట్టు, అంటే కుళాయి వైపే పెడుతున్నా, ప్లగ్ పాయింట్ దూరమైతే మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడుతున్నా. ఇంకో మాట, హోస్ పొడుగెక్కువైందని చుట్టలు చుట్టి ఒకదాని మీద ఒకటి వేయకండి, తీగ మీద తీగ పడితే అక్కడ వేడెక్కి గొట్టం పాడవుతుంది. సరిపడా పొడుగున్నదే కొనుక్కోండి.

మొదటి చలికాలం దెబ్బ బయట కుళాయి దగ్గర తగిలింది. నేలలోంచి పైకొచ్చే ఆ పొడుగు కుళాయిలు గడ్డకట్టని రకం అంటారు, నిజమే, కానీ అవి పనిచేసేది హ్యాండిల్ మూసినప్పుడు పైపులో నీళ్ళు భూమి లోపలికి దిగిపోతాయి కాబట్టి. మనం హోస్ తగిలించి రాత్రంతా తెరిచే ఉంచుతాం, ఇంక నీళ్ళు దిగేదెక్కడ, పైపు నిండా నిలబడే ఉంటాయి. హోస్ వేడిగా ఉంది, కుళాయి మెడ గడ్డకట్టేసింది. ఇప్పుడు కుళాయి మొదలు నుంచి పైదాకా హీట్ టేప్, అంటే కరెంటుతో వేడెక్కే పట్టీ చుట్టి, దాని మీద ఫోమ్ తొడుగు వేసి, తడి తగలకుండా పైన టేపుతో బిగిస్తా. హీట్ టేప్‌లో రెండు రకాలుంటాయి, చలిని బట్టి వేడిని తనే తగ్గించుకునే రకం ఒకటి, ఎప్పుడూ ఒకేలా కాలే రకం ఇంకోటి. రెండోది పొరపాటున కూడా ఒకదాని మీద ఒకటి పడేట్టు చుట్టకూడదు, కాలిపోతుంది. కాస్త ఎక్కువైనా మొదటి రకమే కొనమంటా నేను. షాక్ కొట్టకుండా కరెంట్ కట్ చేసే సాకెట్‌కే పెట్టండి, అక్కడంతా నీళ్ళే కదా.

ఆ సంవత్సరమే వాటర్ ఫిల్టర్ కూడా పోయింది. ప్రెషర్ రెగ్యులేటర్ (నీళ్ళ ఒత్తిడి మరీ ఎక్కువ కాకుండా చూసేది), ఫిల్టర్ రెండూ కుళాయి దగ్గర బయటే వేలాడుతుండేవి. ఫిల్టర్ డబ్బా ప్లాస్టిక్‌ది, నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, ఆ డబ్బాకి సాగే గుణం లేదు. గడ్డకట్టి ఉన్నంతసేపూ ఏమీ తెలీలేదు, ఎండొచ్చి కరిగాక చూస్తే వెంట్రుకంత సన్నటి పగులు, అందులోంచి నీళ్ళు విసనకర్రలా చిమ్ముతున్నాయి. ఇప్పుడు రెండూ బండి అరలోపలే, వెచ్చగా ఉండే చోట.

ఇక మూడో చలికాలం సంగతి, ఇది మాత్రం అందరూ వినాలి ఎందుకంటే ఇప్పటికీ చాలామంది ఇదే చేస్తున్నారు. ప్రొపేన్ సిలిండర్లు మోయలేక, మంచులో మార్చలేక, ఎలాగూ కరెంటు ఉంది కదా అని 1500 వాట్ల ఎలక్ట్రిక్ హీటర్లు రెండు పెట్టుకున్నాం. గది హాయిగా 22 డిగ్రీలు, ఫర్నేస్ ఆన్ అవ్వాల్సిన అవసరమే రాలేదు, సిలిండర్ మిగిలింది అని సంతోషపడ్డాం. నాలుగో రోజు రాత్రి మైనస్ 11కి పడింది. పొద్దున కాఫీకి నీళ్ళు పడదామని మా ఆవిడ ట్యాప్ తిప్పితే దారంలా సన్నగా వచ్చి ఆగిపోయింది. వేడి నీళ్ళ వైపు తిప్పితే వస్తున్నాయి, చల్లటి వైపే రావట్లేదు. లోపల స్వెటర్ లేకుండా తిరిగేంత వెచ్చగా ఉంది, నీళ్ళెందుకు ఆగాయో సాయంత్రం దాకా అర్థం కాలేదు.

విషయం ఏంటంటే మా బండిలో ఫర్నేస్ గాలి గొట్టాల్లో ఒకటి కిందకి, అంటే ట్యాంకులూ పైపులూ ఉండే బండి కడుపులోకి పోతుంది. అక్కడికి వేడి వచ్చేది ఆ ఒక్క దారినే. గది హీటర్లు గదినే వేడి చేస్తాయి, గది వెచ్చబడితే ఫర్నేస్ ఆన్ అవ్వదు, ఫర్నేస్ ఆన్ అవ్వకపోతే కడుపులోకి వేడి వెళ్ళదు. పైన 22, కింద తెరిచి చూస్తే మైనస్ 3. మనకి చలి వేయట్లేదంటే పైపులకి కూడా వేయట్లేదని కాదు.

ఆ మరుసటి రోజే కొన్నాను వైర్‌లెస్ థర్మామీటర్, మూడు సెన్సర్లది. ఒకటి బండి కడుపులో, ట్యాంకు నీళ్ళని ట్యాపులకి తోసే పంప్ దగ్గర, ఒకటి నీళ్ళ కనెక్షన్ల అరలో, మూడోది సింక్ కింద బయటి గోడకి ఆనుకుని. తెర మంచం పక్కన పెట్టుకున్నా. ఈ ఐదేళ్ళలో నేను కొన్నవాటిలో అన్నిటికంటే చిన్నది ఇదే, అన్నిటికంటే మేలు చేసిందీ ఇదే, హోస్ కంటే కూడా. కింద 4 డిగ్రీలకి పడిందంటే ఫర్నేస్ రెండు డిగ్రీలు పెంచుతా, అంతే. హీటర్ ఇప్పటికీ వాడతా కానీ ఒక్కటే, దాన్ని 15కి పెట్టి ఫర్నేస్‌ని 19కి పెడతా, అలా అయితే గదిని 19కి తెచ్చే పని ఫర్నేస్‌దే అవుతుంది, మధ్యమధ్యలో ఆన్ అయి కిందకి వేడి పంపుతూ ఉంటుంది. సింక్ కింద తలుపులు రాత్రి తెరిచి ఉంచుతా. ఇంకా 30 ఆంప్స్ కనెక్షన్ ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి, 120 వోల్టుల మీద 1500 వాట్ల హీటర్ ఒక్కటే 12.5 ఆంప్స్ లాగుతుంది, రెండు పెడితే 25, మీద మైక్రోవేవ్ వేస్తే బ్రేకర్ పడిపోతుంది, హోస్ కూడా ఆ బ్రేకర్ మీదే ఉంటే రాత్రి అదీ ఆగిపోతుంది.

నాలుగోసారి పోయిన చలికాలం. బండి కింద నీళ్ళన్నీ వదిలేయడానికి లో పాయింట్ డ్రెయిన్లని రెండు చిన్న గొట్టాలు వేలాడుతుంటాయి చూడండి, అవి ఇన్సులేషన్ బయటకి పొడుచుకుని ఉంటాయి. నిండా గ్లాసుడు నీళ్ళు కూడా ఉండవు, గాలి నేరుగా తగులుతుంది, అక్కడ మొదలైన గడ్డ మెల్లగా పైకి పాకింది. మా పైపులు పెక్స్ అనే ప్లాస్టిక్ రకం, కాస్త సాగుతాయి కాబట్టి పైపు పగల్లేదు, మలుపు దగ్గరున్న ప్లాస్టిక్ ఎల్బో పగిలింది. అన్నిసార్లూ నేను గమనించింది ఇదే, పగిలేది సాధారణంగా పైపు కాదు, జాయింట్లు, పంప్ ముందుండే జల్లెడ డబ్బా, టాయిలెట్ వాల్వ్, బయటి షవర్ లాంటివి. ఇప్పుడు ఆ రెండు గొట్టాలకీ ఫోమ్ తొడిగి, హీట్ టేప్ ముక్క కలిపి కట్టేశా.

స్కర్టింగ్ వేయండి. అంగుళం మందం ఫోమ్ బోర్డులు కోసి బండి చుట్టూ నేల దాకా నిలబెట్టి సందులు టేప్ చేశాం, రెండు రోజుల పని, నడుములు పోయాయి కానీ కింద సెన్సర్ ఒకే రకం చలిలో 5 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. గాలి కొట్టకపోవడమే దాని మొత్తం మహిమ. ఒక్కటి మాత్రం జాగ్రత్త, ఫర్నేస్ పొగ బయటికొచ్చే చోటు కప్పేయకండి, స్కర్టింగ్ వెనక్కి జనరేటర్ పొగ పోనివ్వకండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూసుకోండి. ప్రాణం మీదకొచ్చే విషయం ఇది.

ట్యాంకుల కింద అతికించే హీటింగ్ ప్యాడ్లు పర్లేదు, ఖాళీ ట్యాంకు మీద మాత్రం ఆన్ చేయొద్దు. గ్రే వాల్వ్, అంటే సింక్‌లో షవర్‌లో వాడేసిన నీళ్ళ ట్యాంకు వాల్వ్, తెరిచి వదిలేయకండి, చుక్కచుక్కగా కారిన నీళ్ళు మురికి గొట్టంలో పొరలు పొరలుగా గడ్డకట్టి మూసేస్తాయి, మూసి ఉంచి మూడొంతుల్లో రెండొంతులు నిండాక ఒక్కసారిగా వదలండి. అందుకే ఇళ్ళల్లోలా ట్యాప్ సన్నగా వదిలి పడుకునే పద్ధతి ఆర్వీలో నాకు నచ్చదు, వాల్వ్ మూస్తే పొద్దునకి ట్యాంకు నిండుతుంది, తెరిస్తే గొట్టం పోతుంది.

మైనస్ 18 కంటే కిందకి పోతుందన్నా, తుఫానొచ్చి కరెంటు పోతుందన్నా నేను హోస్ మీద ఆశ పెట్టుకోను. సాయంత్రమే ఫ్రెష్ ట్యాంకు (బండిలో మంచినీళ్ళ ట్యాంకు) నింపుకుని, హోస్ విప్పి, నీళ్ళు ఒంచేసి లోపల పెట్టేసి, రెండు రోజులు పంప్ మీద నడిపిస్తాం. ట్యాంకెడు నీళ్ళు గడ్డకట్టడానికి చాలా టైం పడుతుంది, పైపులో నీళ్ళలా గంటల్లో అవ్వదు. బండి వదిలేసి వెళ్ళేటప్పుడైతే వాటర్ హీటర్‌లోకి పోకుండా పక్కదారి పట్టించి (బైపాస్ చేసి) పైపుల్లోకి గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టకుండా చేసే ద్రవం పంపిస్తాం, అది ప్రొపైలిన్ గ్లైకాల్‌ది. కారు రేడియేటర్లో పోసే ఇథైలిన్ గ్లైకాల్ విషం, అది నీళ్ళ పైపుల్లోకి అస్సలు పోనివ్వద్దు.

ఇంత చేసినా ఆగిపోతే కంగారు పడకుండా ముందు పంప్ ఆన్ చేసి చూడండి. పంప్‌తో నీళ్ళొస్తే లోపలంతా బాగానే ఉన్నట్టు, అడ్డం బయట హోస్‌లోనో కుళాయిలోనో ఉంది. ఒక్క ట్యాపే రాకపోతే ఆ ట్యాప్ దగ్గర్లోనే. అడ్డం దొరికాక ట్యాప్ తెరిచి పెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో ట్యాప్ వైపు నుంచి మెల్లగా వెనక్కి వెళ్ళండి, మంట మాత్రం దగ్గరికి తేవద్దు. కరిగాక జాయింట్లన్నీ చేత్తో తడిమి చూడండి, కారేది అప్పుడే బయటపడుతుంది.

హోస్ అయితే ఐదేళ్ళకి ఇంకా నడుస్తోంది, ప్లగ్ దగ్గర తొడుగు కొంచెం గట్టిపడి గీతలు పడ్డాయి, వేసవిలో ఎండలో వదిలేయడం వల్ల అనుకుంటున్నా. ఈసారి చలి తగ్గగానే నీళ్ళు పూర్తిగా ఒంచి, పెద్ద చుట్టగా చుట్టి నీడలో పెట్టేస్తా, తొడుగు పగిలి లోపలి వైరు కనబడిన రోజు పారేసి ఇదే రకం మళ్ళీ కొంటా.