స్టెలేరియం సమీక్ష: నెలవారీ ఆకాశ విశేషాలకు దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రతి నెలా మొదటి వారంలో "ఈ నెల ఆకాశంలో" అంటూ జాబితాలు తిరుగుతుంటాయి. వాటిలో చాలావరకు ఏ అక్షాంశానికి రాశారో, ఏ టైమ్‌జోన్‌లో రాశారో చెప్పవు. ఆ జాబితాను మన చోటికి సరిచూసుకోవడానికి, ఏ చోటి నుంచైనా ఏ తేదీకైనా ఆకాశాన్ని తెర మీద చూపే ఉచిత సాఫ్ట్‌వేర్లలో స్టెలేరియం ముందు వరసలో ఉంటుంది. ఫాబియన్ షెరో 2000లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉంది. వెర్షన్ 1.0 మాత్రం 2022 అక్టోబరు 1న గానీ రాలేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫోనులో, బ్రౌజర్‌లో అదే పేరుతో దొరికేవి వేరే ప్రోగ్రాములు. ఇక్కడ చెప్పేదంతా డెస్క్‌టాప్ వెర్షన్ గురించే.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. ఏది ఎక్కడుంటుంది, ఎప్పుడు ఉదయిస్తుంది అన్న ప్రశ్నలకు దీని జవాబును నమ్మొచ్చు. ఎంత వెలుగుతో కనిపిస్తుంది, అసలు కనిపిస్తుందా అన్న ప్రశ్నలకు తెర మీది బొమ్మను నమ్మకూడదు. దీని మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెండూ కలిపేసుకోవడం వల్ల వచ్చేవే.

ముందు సరిచేయాల్సినవి

ఇన్‌స్టాల్ చేయగానే ఎఫ్6 నొక్కి లొకేషన్ చూడండి. నెట్‌వర్క్ ద్వారా చోటు కనుక్కునే టిక్ ఉంటే తీసేయండి. అది మీ ఇంటర్నెట్ కంపెనీ సర్వర్ ఉన్న ఊరిని పట్టుకుంటుంది, వీపీఎన్ వాడుతుంటే ఏకంగా వేరే దేశానికి తీసుకెళ్తుంది. అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుంచి ఎత్తు చేత్తో వేసి, టైమ్‌జోన్ సరిచూసి, దాన్ని డిఫాల్ట్‌గా పెట్టుకోండి. రేఖాంశంలో ఒక్క డిగ్రీ తప్పితే ఉదయాస్తమయాల్లో 4 నిమిషాల తేడా వస్తుంది.

తెర కింద కనిపించే చెట్లూ గట్లూ ఫ్రాన్స్‌లో గెరాన్ అనే ఊరివి. అవి మీ క్షితిజం కాదు. జి నొక్కితే నేల మాయమవుతుంది. కానీ నేల తీసేసి చూస్తూ "గ్రహం కనిపిస్తోంది" అనుకునేవాళ్లూ ఉన్నారు, అది క్షితిజం కింద ఉండొచ్చు. చెట్లు లేని చదునైన నేల దృశ్యాన్ని ఎంచుకోవడం మేలు.

తర్వాత ఎఫ్4లో కాంతి కాలుష్యం. ఇది బోర్టిల్ స్కేలు, 1 (గాఢమైన చీకటి) నుంచి 9 (నగరపు వెలుగు) వరకు. జాన్ బోర్టిల్ 2001లో ప్రతిపాదించాడు. నగరం మధ్యలో ఉంటే 8 లేదా 9 పెట్టండి. ఒక్కసారిగా తెర ఖాళీ అయిపోతుంది, బాధగానే ఉంటుంది గానీ అదే నిజం. దీన్ని తాకకుండా వదిలేసి పాలపుంత బొమ్మ చూసి బయటికొస్తే నిరాశ తప్పదు.

ఎఫ్10: అసలు సరుకంతా ఇక్కడే

పై పైన వాడేవాళ్లు ఆకాశాన్ని తిప్పి చూసి ఆగిపోతారు. నెలవారీ పనికి కావలసింది ఎఫ్10 నొక్కితే వచ్చే ఖగోళ గణనల కిటికీ. అందులో ఫినామినా ట్యాబ్‌లో ఒక గ్రహాన్ని ఎంచి, దేనితో పోల్చాలో చెప్పి, తేదీల మధ్య వ్యవధి, గరిష్ఠ కోణీయ దూరం ఇస్తే యుతులన్నీ (రెండూ ఆకాశంలో దగ్గరగా కనిపించే సందర్భాలు) వరసగా పెడుతుంది. టిక్ పెడితే అపోజిషన్లు, అంటే ఆకాశంలో రెండూ ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండే సందర్భాలు కూడా ఇస్తుంది. పరీక్ష కోసం గురువు, శని తీసుకుని 1600 నుంచి 2100 దాకా, 10 ఆర్క్ నిమిషాల లోపు (ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) అని అడగండి. 1623 జులై, 2020 డిసెంబరు 21, 2080 మార్చి వరసలు రావాలి. వ్యవధి పెంచేకొద్దీ లెక్క నెమ్మదిస్తుంది, అందుకే నెలవారీ పనికి నెల వ్యవధే ఇవ్వండి.

ఆ పట్టికలో చాలామంది చూడని నిలువు వరస సూర్యుడి నుంచి కోణీయ దూరం. 1623 యుతి 2020 కన్నా దగ్గరిదే, కానీ సూర్యుడికి దాదాపు 13 డిగ్రీల దూరంలో జరిగింది, సంధ్యకాంతిలో కలిసిపోయే చోటు. నెలవారీ జాబితాల్లో వచ్చే "బుధ శుక్రుల అద్భుత కలయిక"ల్లో ఎన్నో ఇలాంటివే. దూరం 15 డిగ్రీల లోపుంటే ఆ వరసను కొట్టేయడం ఉత్తమం. పక్కనే మీ చోట ఆ క్షణాన క్షితిజం నుంచి ఎత్తు కూడా ఇస్తుంది. అది మైనస్‌లో ఉంటే కలయిక మీ కాళ్ల కింద జరుగుతోందన్నమాట. అలాగని వదిలేయక్కర్లేదు, ఆ ముందు రాత్రో తర్వాతి రాత్రో ఇంకా దగ్గరగానే ఉంటాయి. చంద్రుడి విషయంలో మాత్రం అలా కుదరదు, అది గంటకు దాదాపు అర డిగ్రీ జరుగుతుంది.

చంద్రుడి దగ్గర ఇంకో మెలిక ఉంది. ఎఫ్2 సెట్టింగుల్లో టోపోసెంట్రిక్ (మీరు నిలబడ్డ చోటి నుంచి లెక్క) అనే టిక్ ఆన్‌లో ఉండాలి. అది తీసేస్తే భూమి కేంద్రం నుంచి చూసినట్టు లెక్క వేస్తుంది, చంద్రుడు దాదాపు ఒక డిగ్రీ వరకు పక్కకు జరుగుతాడు. అంటే రెండు చంద్రబింబాల వెడల్పు. చంద్రుడు ఒక నక్షత్రాన్ని కప్పేస్తాడా, పక్కనుంచి పోతాడా అన్నది దీంతోనే తేలుతుంది.

గ్రాఫ్స్ ట్యాబ్‌లో రెండు వాడదగినవి. ఒకటి, ఆ రాత్రి ఒక వస్తువు ఎత్తు గంటగంటకూ ఎలా మారుతుందో చూపేది. రెండోది, రోజూ ఒకే గంటకు ఏడాది పొడవునా దాని ఎత్తు చూపేది. శని మీకు సాయంత్రం వేళ ఏ నెలల్లో బాగా దొరుకుతుందో రెండో గీత ఒక్క చూపులో చెబుతుంది. ఈ రాత్రి ఏముందో చూపే ట్యాబ్ కూడా ఉంది, పేరు డబ్ల్యూయూటీ (వాట్స్ అప్ టునైట్). మాగ్నిట్యూడ్ (ప్రకాశాన్ని చెప్పే అంకె, పెరిగేకొద్దీ వస్తువు మసక) పరిమితి తగ్గించకపోతే వందల పేర్లు గుమ్మరిస్తుంది. కంటితో చూసేవారికి 5 చాలు.

ఎక్లిప్సెస్ ట్యాబ్ బాగా చేశారు. ప్రపంచం మొత్తం గ్రహణాలు ఒక జాబితా, మీ చోట కనిపించేవి వేరే జాబితా. ఉదాహరణకు 2027 ఆగస్టు 2 సంపూర్ణ సూర్యగ్రహణం. ఈజిప్టులోని లక్సర్ దగ్గర 6 నిమిషాలకు పైగా సంపూర్ణ దశ ఉంటుంది. అదే రోజుకు మీ అక్షాంశ రేఖాంశాలు వేస్తే స్పర్శ, మధ్యం, మోక్షం నిమిషాలతో వస్తాయి, లేదా ఆ గ్రహణం మీ జాబితాలోనే ఉండదు. వార్తల్లో వచ్చే ఒకే సమయాన్ని దేశమంతటికీ వర్తింపజేయడం కన్నా ఇది ఎంతో నయం.

ఉల్కలు, తోకచుక్కలు: బొమ్మ మీద ఆశ పెట్టుకోవద్దు

ఉల్కాపాతాల ప్లగిన్ జెడ్‌హెచ్‌ఆర్ అనే అంకె చూపిస్తుంది. పెర్సీడ్లకు 100 ప్రాంతం, జెమినిడ్లకు 150 ప్రాంతం. అది మీరు గంటకు చూడబోయే సంఖ్య కాదు. ఉల్కలు వెలువడే బిందువు నడినెత్తిన ఉండి, 6.5 మాగ్నిట్యూడ్ నక్షత్రాలు కంటికి కనిపిస్తే వచ్చే ఆదర్శ సంఖ్య. అసలు లెక్క ఇలా: ఆ బిందువు ఎత్తు 30 డిగ్రీలైతే సగానికి పడిపోతుంది, 100 కాస్తా 50. మీ ఆకాశంలో 5.5 దాకానే నక్షత్రాలు కనిపిస్తే ఆ 50ని పెర్సీడ్ల విషయంలో మళ్లీ దాదాపు 2.2తో భాగించాలి, 23 మిగులుతాయి. 4.5 దాకానే అయితే 10. నగరంలో ఆగస్టు 12 రాత్రి అరగంట నిలబడి ఐదు చూస్తే లెక్క సరిపోయినట్టే. స్టెలేరియం నుంచి తీసుకోవాల్సింది ఆ బిందువు ఎత్తు, చంద్రుడి దశ. ఆ రెండూ కచ్చితం. క్వాడ్రాంటిడ్లకు మాత్రం శిఖర సమయం కూడా చూడాలి, జనవరి మొదట్లో వచ్చే ఆ ఉల్కాపాతం ఉద్ధృతి కొన్ని గంటలే. అది మీ పగటివేళ పడితే ఆ ఏడాదికి అంతే.

తోకచుక్కల్లో లోపం ఇంకా పెద్దది. కొత్త తోకచుక్కలు వాటంతటవి రావు. సోలార్ సిస్టమ్ ఎడిటర్ ప్లగిన్ తెరిచి గ్రహశకలాలు, తోకచుక్కల కక్ష్యలను నమోదు చేసే మైనర్ ప్లానెట్ సెంటర్ నుంచి కక్ష్యా వివరాలు దించుకోవాలి, నెలకోసారి మళ్లీ. దించుకున్నాక స్థానం బాగానే చూపుతుంది. ప్రకాశం మాత్రం ఒక సూత్రం ఇచ్చే అంచనా. 2013లో ఐసాన్ తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వెళ్లి చెదిరిపోయింది, సూత్రానికి ఆ సంగతి తెలియదు. 2024 అక్టోబరులో సుచిన్‌షాన్-అట్లాస్ బాగానే వెలిగింది. ఈ రెంటికీ తేడా ఏ సాఫ్ట్‌వేరూ ముందుగా చెప్పలేదు. పరిశీలకులు పంపే తాజా ప్రకాశ అంచనాలతో పోల్చుకున్నాకే ఎవరికైనా చెప్పండి.

ఉపగ్రహాల ప్లగిన్‌దీ అదే దారి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కక్ష్యా అంకెలు కొద్ది రోజులకే పాతబడతాయి, ఇంజన్లు మండించి ఎత్తు పెంచితే ఇంకా త్వరగా. చూసే రోజే అప్‌డేట్ చేయండి.

వార్షికోత్సవాలకు ఇది కాలయంత్రమే, షరతులతో

ఈ ప్రోగ్రాములో వార్షికోత్సవాల జాబితా లేదు. ఏ రోజున ఏం జరిగిందో మీరు తెచ్చుకోవాలి, ఆ రాత్రి ఆకాశాన్ని ఇది తెస్తుంది. ఇక్కడే దీని విలువ తెలుస్తుంది, తప్పులు జరిగేదీ ఇక్కడే.

ఎఫ్6లో పాడువా పెట్టి, ఎఫ్5లో 1610 జనవరి 7 సాయంత్రం వేసి, గురువును పెద్దది చేయండి. ఆ రాత్రి గెలీలియో చూసింది మూడు చుక్కలే, తెర మీద నాలుగు ఉంటాయి. అవి గురువు చందమామలు. వాటిలో అయో, యూరోపా ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే ఆయన దూరదర్శిని వాటిని ఎందుకు విడదీయలేకపోయిందో అర్థమవుతుంది. 1612 డిసెంబరు 28 వేస్తే గురువు పక్కనే నెప్ట్యూన్ దొరుకుతుంది. ఆయన దాన్ని నక్షత్రంగా గుర్తించి వదిలేశాడు. గ్రహంగా అది బయటపడింది 1846 సెప్టెంబరు 23న, బెర్లిన్‌లో. హెర్షెల్ యురేనస్‌ను చూసిన 1781 మార్చి 13 కూడా చక్కగా కుదురుతుంది, వృషభ రాశి జీటా నక్షత్రం చుట్టుపక్కల వెతకండి.

ఇక మెలికలు. 1582 అక్టోబరు 15కు ముందు తేదీలను స్టెలేరియం జూలియన్ క్యాలెండర్‌లో చదువుతుంది, తర్వాతవి గ్రెగోరియన్‌లో. ఇంగ్లండు మాత్రం 1752 దాకా పాత క్యాలెండరే వాడింది. అందుకే ఇంగ్లిష్ ఖగోళవేత్త హొరాక్స్ శుక్ర సంక్రమణం (శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం) చూసిన తేదీ అక్కడి రికార్డుల్లో 1639 నవంబరు 24. అదే తేదీ వేస్తే సూర్యబింబం ఖాళీగా కనిపిస్తుంది. డిసెంబరు 4 వేయాలి. క్రీస్తుపూర్వం వెళ్తే ఇంకో గొడవ: ఇక్కడ సున్నా సంవత్సరం ఉంది. క్రీ.పూ. 585 మే 28 గ్రహణానికి సంవత్సరం గడిలో -584 రాయాలి. అంత పాత గ్రహణాలకు భూభ్రమణం నెమ్మదించడం వల్ల వచ్చే డెల్టా-టి సవరణ కూడా లెక్కలోకి వస్తుంది. సెట్టింగుల్లో వేరే సూత్రం ఎంచితే గ్రహణఛాయ తూర్పు పడమరలకు జరుగుతుంది. కాబట్టి ప్రాచీన గ్రహణం ఏ ఊళ్లో సంపూర్ణమో దీన్ని చూసి తేల్చకండి.

1847 డిసెంబరుకు ముందు తేదీలకు గడియారం టైమ్‌జోన్ వదిలేసి స్థానిక సౌర సమయానికి మారుతుంది, మీరు సొంత టైమ్‌జోన్ పెట్టుకుంటే తప్ప. ఇది బగ్ కాదు, సరైన పనే.

అంతరిక్ష యాత్రల రోజుల్లో తేదీ ఏ గడియారానిదో చూసుకోండి. తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబరు 4, 19:28 యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం). ప్రయోగ కేంద్రమైన బైకనూర్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటి 5వ తేదీ. అపోలో 11 దిగింది 1969 జులై 20, 20:17 యూటీసీకి, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది 21న 02:56కు. హ్యూస్టన్‌లో రెండూ 20వ తేదీనే. ఆ సాయంత్రం అక్కడ పెట్టి చూస్తే పడమట నెలవంక కనిపిస్తుంది. అంతేగానీ 1957కు వెళ్లి స్పుత్నిక్ కోసం వెతకొద్దు, ఉపగ్రహాల ప్లగిన్ దగ్గర ఉన్నవి ఇప్పటి కక్ష్యలే.

నిజమైన లోపం గ్రహశకలాల్లో ఉంది. గ్రహాలకు వీఎస్ఓపీ87 లాంటి బలమైన సిద్ధాంతం వాడుతుంది, కావాలంటే నాసా వారి జేపీఎల్ గ్రహస్థాన పట్టికలూ జోడించుకోవచ్చు. సెరెస్ లాంటి వాటికి మాత్రం ఒక తేదీకి సంబంధించిన కక్ష్యా అంకెలను పట్టుకుని వెనక్కి తిప్పేస్తుంది, గురువు లాగడం లెక్కలోకి రాదు. పియాజీ సెరెస్‌ను కనుక్కున్న 1801 జనవరి 1 వేస్తే కనిపించే స్థానాన్ని నమ్మొద్దు. హెచ్చరికైనా ముఖం మీద కొట్టినట్టు ఉండాల్సింది, లేదు.

ఆరుబయట కంట్రోల్+ఎన్ నొక్కితే తెర ఎర్రబడుతుంది. ల్యాప్‌టాప్ తెర నల్లదనం నిజమైన నలుపు కాదు కనుక వెలుగును కూడా కనిష్ఠానికి దించాలి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, పోవడానికి క్షణం చాలు.

తేదీలను మళ్లీ మళ్లీ వేయకుండా ఆల్ట్+బితో పరిశీలన జాబితా చేసుకోండి. సృష్టించేటప్పుడు తేదీ, చోటు, జూమ్ కూడా దాచమని టిక్కులు పెట్టాలి, లేకపోతే వస్తువు పేరు మాత్రమే మిగులుతుంది. నెలవారీ యుతుల పట్టికను ఎక్స్‌పోర్ట్ బటన్‌తో స్ప్రెడ్‌షీట్‌గా తీసుకోవచ్చు. అందులో సమయాలు అప్పుడు పెట్టిన టైమ్‌జోన్‌లోనివి, ఫైలు పేరులోనే ఊరు, టైమ్‌జోన్ రాసి దాచండి.